తొమ్మిదో మంచం తాలూకు ఎవరు?

గురజాల,
తేదీ 3-11-2025.

ట్రస్టు ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

గురజాల బస్టాండు వెనుక సందులో కాపురం ఉంటున్న నూర్బాషా సైదాబీ, భర్త లేటు నూర్బాషా జాన్ సాహెబ్ (పరుపులు కుట్టేవారు), వ్రాసుకొన్న అర్జీ. ఈసారి లేటు అన్న మాట ముందే వ్రాశాను. ఎందుకు వ్రాయవలసి వచ్చినదో క్రింద మనవి చేసుకొంటాను.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. రౌండ్లకు వచ్చినప్పుడు తమరు ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడవటం మంచం మీద నుంచి గమనించాను. ఆ మోకాలు ఇప్పుడు ఎట్లా ఉన్నది? ఇంట్లో అమ్మగారు, పిల్లలు కుశలమా? ఆడవార్డు లీలావతి సిస్టరుకు పట్టిన పొడిదగ్గు తగ్గినదా? మూతికి మాస్కు కట్టుకొని కూడా దగ్గుతూనే పేర్లు పిలిచేది. గేటు దగ్గర వాచ్‌మన్ అంతోనికి షుగరు అదుపులో ఉన్నదా? అరికాలికి పుండు పడినదని చెప్పినాడు, చెప్పులు లేకుండా తిరగవద్దని నా మాటగా చెప్పించగలరు. ఆఫీసు గుమాస్తా గారి కంటి ఆపరేషను అయినదా? వార్డు తుడిచే ఆయమ్మ నడుము ఎట్లా ఉన్నది? అందరూ బాగుండాలి. ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళు బాగుంటేనే మాలాంటి వాళ్ళం బాగుంటాము. నా ఆరోగ్యం సంగతి అడిగేవారు లేరు కాబట్టి నేనే క్రింద వరుసగా వ్రాసుకొంటున్నాను.

విషయం: రక్తం పల్చబడు మాత్రలు తొమ్మిదో మంచమునకు ముట్టకపోవుట గురించియు, మనుషులు లేని రోగిని ఒంటరిగానే చేర్చుకొనుట గురించియు.

తహసీల్దారు ఆఫీసు దగ్గర అర్జీలు వ్రాసే ఈశ్వరయ్య గారి వద్దకు ముందు ఆటోలో వెళ్ళాను. ఆయన అంతా విని, "మాత్రలు ఇయ్యలేదు, విచారించండి, అంతే గదా పెద్దమ్మా. అరపేజీ చాలు. మీ ఆయన సంగతులన్నీ ఎందుకు?" అన్నారు. మా ఆయన సంగతి లేకుండా ఈ అర్జీ అర్థం కాదు. అందుకని విషయం అన్న దగ్గర పెట్టవలసిన మాటలు మాత్రం ఆయన్ని అడిగి, తక్కినది నేనే వ్రాస్తున్నాను. అయిదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే మన్నించవలెను.

1. వినాయకుడి పందిళ్ళు వేసే రోజుల్లో నేను స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకొన్నాను. ఎదురింటి రియాజ్ తన ఆటోలో తమ ఆసుపత్రికి తెచ్చి, నన్ను స్ట్రెచరు మీదికి ఎక్కించి, కిరాయి ఉన్నదని వెంటనే వెళ్ళినాడు. అతన్ని తప్పు పట్టను, ఆటో తిరిగితేనే వాళ్ళ ఇల్లు గడుస్తుంది. నాకు పిల్లలు లేరు. అన్నదమ్ములు లేరు. ఒక చెల్లెలు ఉండేది, కరోనాలో పోయినది. జాలిపడాలని ఇది వ్రాయటం లేదు. తరువాత జరిగినది తెలియటానికి వ్రాస్తున్నాను.

2. చేర్చుకొనే చోట గుమాస్తా గారు నా పేరు అడిగినారు, ఊరు అడిగినారు. "భర్త పేరు?" అన్నారు. "జాన్ సాహెబ్" అన్నాను. ఆడమనిషిని భర్త పేరు అడుగుతారు, చెప్తాము. ఆధారు కార్డులోనూ ఆ పేరే, రేషను కార్డులోనూ ఆ పేరే. ఉన్నాడా అని ఆయన అడగలేదు. నేను నొప్పికి పళ్ళు బిగబట్టుకొని ఉన్నాను, లేడని చెప్పాలని నాకు తోచలేదు. రోగి తాలూకు మనిషి ఎవరు అన్న చోట కూడా ఆయన ఆ పేరే వ్రాసినారు. ఆపరేషను అయి మత్తు దిగేసరికి నా మంచం కాళ్ళ వైపు కార్డు వేలాడుతున్నది. తొమ్మిదో మంచం, సైదాబీ, తాలూకు జాన్ సాహెబ్.

3. ఆడవార్డులో సాయంత్రం మందులు ఇచ్చే పద్ధతి తమకు తెలిసే ఉంటుంది. అయినా తమరు పొద్దున రౌండ్లకు వచ్చేవారు గాన మనవి చేస్తున్నాను. విజిటింగు టైము అయి, గంట కొట్టి, మంచానికి ఒక్క తోడు మనిషిని ఉంచి తక్కిన బయటివాళ్ళను పంపించిన తరువాత సిస్టరు తలుపు దగ్గర బల్ల వేసుకొని కూర్చుంటుంది. ముందే చార్టులలో టిక్కులన్నీ కొట్టుకొని, ఆ తరువాత ఒక్కొక్క మంచం తాలూకు వాళ్ళను పేరు పెట్టి పిలుస్తుంది. వాళ్ళు గిలాసు పట్టుకొని వెళ్ళి మాత్రలు తీసుకొని వచ్చి తమ రోగి చేత మింగిస్తారు. వార్డు మొత్తానికి ఆమె ఒక్కతే. మంచం మంచానికి తిరిగితే ఆమెకు తెల్లవారుతుంది. అందుచేత ఆమెను ఏమీ అనవద్దని ఇక్కడే కోరుకొంటున్నాను. మళ్ళీ మరిచిపోతానేమోనని.

4. నా పక్క మంచం బుజ్జమ్మది. దాచేపల్లి అవతల క్వారీలో రాళ్ళు కొట్టే కుటుంబం, పాదం మీద రాయి పడి వచ్చినది. ఆమెకు తోడు కోడలు గోపిక. నేను కళ్ళు తెరిచిన మొదటి సాయంత్రం సిస్టరు, "జాన్ సాహెబ్! తొమ్మిదో మంచం జాన్ సాహెబ్!" అని కేకేసింది. నేను తలుపు వైపు చూశాను.

గోపిక నా వైపు తిరిగి, "ఏంది పెద్దమ్మా, మీ ఆయన్ని పిలుస్తంటే ఉలకవు పలకవు? టీకి పోయాడా?" అన్నది.

"ఆయన పోయి చానా ఏళ్ళయిందమ్మా," అన్నాను.

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొన్నది. బుజ్జమ్మ, "ఒసేయ్, పోయి ఉన్న సంగతి సిస్టరమ్మకు చెప్పిరా," అన్నది.

"చెప్తే ఇంకేమన్నా ఉందా? మనిషిని తెచ్చుకో, లేకపోతే పో అంటారు. నువ్వు గమ్మునుండు అత్తా," అని గోపిక లేచి, "వస్తన్నాడమ్మా జాన్ సాహెబ్!" అని అరిచి గిలాసు పట్టుకొని పోయింది. సిస్టరు దగ్గుకొంటూ, తల ఎత్తకుండా మాత్రలు ఆ చేతిలో పోసింది.

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం అదే తంతు. పేరు పిలవగానే గోపిక మగగొంతు పెట్టి "వస్తన్నా!" అనేది. "జాన్ సాహెబ్‌కు జడేందే, గాజులేందే," అని బుజ్జమ్మ నవ్వేది. ఎదుటి వరుస మంచాల వాళ్ళు కూడా నవ్వేవారు. మాత్ర మింగినాక గోపిక నా నోరు తెరిపించి నాలుక ఎత్తించి చూసేది. "ఇది రక్తం పల్చబడే మాత్రంట పెద్దమ్మా, మంచాన పడ్డోళ్ళకు రక్తం గడ్డ కట్టుద్దంట, పొరపాటున కూడా మానకూడదంట. నువ్వు నయం, మా అత్తయితే నేనిచ్చిన మాత్ర వాసన చూసి మింగుద్ది," అనేది. "ఏమే, నీ చేతి కూర తిని బతికినదాన్ని, మాత్రకు భయపడతానా?" అనేది బుజ్జమ్మ. నేను కుట్లు పట్టుకొని నవ్వేదాన్ని. ఆ నవ్వుకు కుట్లు ఊడతాయేమోనని తరువాత దిగులు పడేదాన్ని.

5. బుజ్జమ్మను ఇంటికి పంపించినారు. పోయేటప్పుడు గోపిక పొద్దుటి డ్యూటీ సిస్టరుతో, "ఆమెకెవురూ లేరమ్మా, కాస్త కనిపెట్టుకోండి," అని చెప్పే పోయినది. ఆ సిస్టరు సరేనని తల ఊపినది. సాయంత్రానికి ఆమె డ్యూటీ దిగి ఇంటికి పోయినది.

6. ఆ సాయంత్రం లీలావతి సిస్టరు పిలిచినది. నేను చెయ్యి ఎత్తి "ఇక్కడమ్మా" అన్నాను. ఫాన్ల మోతకు, గిలాసుల చప్పుడుకు నా గొంతు నా మంచమే దాటలేదు. దిగి వెళ్ళటానికి లేదు. కాలు కింద పెడితే లోపల వేసిన రాడ్డు కదులుతుందని తమరే రౌండ్లలో వేలు చూపించి చెప్పినారు. బల్ల దగ్గరికి తాలూకు మనుషులే రావాలని గోడ మీద వ్రాసి ఉన్నది. తమరి మాట నేను జవదాటలేదు, గోడ మీది మాటా జవదాటలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఎత్తే ఉంచాను. సిస్టరు మూడుసార్లు పిలిచి, "వచ్చినప్పుడు తీసుకొంటాడులే," అని నా మాత్రలు బల్ల అంచున పెట్టి పక్క పేరు పిలిచినది. ఆ తరువాత ఆ మాత్రలు ఏమైనవో నాకు తెలియదు.

మరునాడు ఆయమ్మను అడిగాను. "మాత్రలు నేను ముట్టుకోగూడదు తల్లీ, సిస్టరమ్మను అడుగు," అన్నది. పొద్దున వచ్చిన మరో సిస్టరును అడిగాను. చార్టు చూసి, "మీ వాళ్ళకు ఇచ్చేశారుగా, టిక్కుంది. మీ వాళ్ళను అడుగు," అని పోయినది. మీ వాళ్ళను అడుగు అంటే నేను ఎవరిని అడగాలి? ఇటు పక్క బుజ్జమ్మ మంచం ఖాళీ, అటు పక్క గోడ. నేనే మింగి మరిచిపోయానేమో అనుకొన్నాను. నాకు ఇంట్లో కూడా ఈ గుణం ఉన్నది. గ్యాసు కట్టేశానా, గడియ పెట్టానా అని లేచి లేచి చూస్తాను. అది చూసేందుకు పొయ్యి ఉంటుంది, తలుపు ఉంటుంది. మింగిన మాత్రను ఎక్కడ చూసుకొనేది? డాక్టరు గారే ఆపేసి ఉంటారని కూడా సర్దిచెప్పుకొన్నాను. రౌండ్లలో తమరినే అడుగుదామంటే, తమరి వెనుక అంతమందిని చూసి నోరు రాలేదు.

7. ఇంకొక సంగతి తమకు చెప్పుకోవాలి. అర్జీలో ఇది ఉండవచ్చునో లేదో తెలియదు. ఆయన పోయిన తరువాత ఆ పేరును అంత గట్టిగా పిలిచినవాళ్ళు లేరు. దూది ఏకే రోజుల్లో బజారులో జనం అట్లాగే పిలిచేవారు, "జాన్ సాహెబ్, పరుపు ఎప్పుడిస్తావయ్యా!" అని. "వస్తన్నా, వస్తన్నా," అని ఆయన ఒళ్ళంతా దూదితో బయటికి వచ్చేవాడు. వార్డులో సిస్టరు పిలిచిన ప్రతిసారీ నేను తలుపు వైపే చూసేదాన్ని. మాత్ర కోసం చూసినావా, మనిషి కోసం చూసినావా అని తమరు విచారణలో అడిగితే చెప్పలేను.

8. అట్లా గోపిక పోయినప్పటి నుంచి ఒక్క మాత్ర కూడా నా నోట్లో పడలేదు. ఒక రోజు పిక్క రాయిలాగా బిగిసినది. కుట్ల నొప్పి కాబోలు, చెప్తే ఇంకా ఉండమంటారేమోనని ఓర్చుకొన్నాను. ఆ మరునాడు గంజి తాగుతుండగా ఊపిరి అందలేదు. రొమ్ము మీద ఎవరో బస్తా దించినట్టయినది. అప్పుడు మాత్రం అందరూ నా మంచం దగ్గరికి వచ్చినారు. తమరు కూడా ఆ కాలితోనే పరుగెత్తుకొని వచ్చినారు, అది నేను మరవను. అంబులెన్సులో గుంటూరు పంపించినారు. అక్కడ డాక్టరమ్మ కాలి నరంలో గడ్డ కట్టిన రక్తం ఊపిరితిత్తికి పోయినదని చెప్పి, "రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకున్నావా అవ్వా?" అని అడిగినది. "జాన్ సాహెబ్ వెళ్ళిపోయినప్పటి నుంచీ వేసుకోలేదమ్మా," అన్నాను. నా మనసులో గోపికే. డాక్టరమ్మకు అదంతా విడమరచి చెప్పే ఊపిరి అప్పుడు నాకు లేదు.

9. బతికి ఇంటికి వచ్చినాక రియాజ్ చేత తమ ఆఫీసుకు ఫోనులో మెసేజి పెట్టించాను. జవాబు వచ్చినది. రియాజ్ దాన్ని ముందు తనలో తాను చదువుకొన్నాడు. "ఏందిరా అది?" అంటే అప్పుడు చదివినాడు. "తొమ్మిదవ మంచం రోగి యొక్క మాత్రలు అన్నియు రోగి తాలూకు శ్రీ జాన్ సాహెబ్ గారికి స్వయముగా అందజేయబడినవి."

అయ్యా, ఆయనకు స్వయంగా అందజేసినట్లయితే, ఎక్కడ అందజేసినారో తెలియజేయ ప్రార్థన. మనిషి ఎట్లా ఉన్నాడో, చిక్కినాడో, నన్ను గురించి ఏమైనా అడిగినాడో అది కూడా తెలియజేయగలరు. మా ఇంటి నుంచి ఆయన ఉన్న చోటికి తుంటి విరిగేదాకా శుక్రవారం శుక్రవారం వెళ్ళి వస్తూనే ఉండేదాన్ని. నాకు ఎప్పుడూ ఏమీ అందజేయలేదు.

ఈ పై మాట కోపంతో వ్రాశాను. కొట్టివేద్దామనుకొన్నాను, కాగితం పాడవుతుందని ఉంచాను.

10. ఇప్పటి సంగతి. మొన్న చూపించుకోవటానికి వస్తే, రాడ్డు కదిలినదని, మళ్ళీ ఆపరేషను చేయాలని తమరే చెప్పినారు. 10వ తేదీ సోమవారం వచ్చి చేరమన్నారు. బుధవారం ఆపరేషను. దానికోసం ఇప్పుడు వేసుకొంటున్న రక్తం పల్చబడే మాత్ర ఆపి, ఆపరేషను అయినాక గురువారం సాయంత్రం నుంచి మళ్ళీ మొదలుపెడతామని చెప్పినారు. గుంటూరు డాక్టరమ్మ కూడా అట్లాగే చేయాలన్నది. నాకు ఆపటం గురించి భయం లేదు, ఆపటం అందరికీ గుర్తుంటుంది. మళ్ళీ మొదలుపెట్టటం గురించే నా భయం. ఆ గురువారం సాయంత్రం బల్ల దగ్గర నా తాలూకు ఎవరని పిలుస్తారు? ఎవరు పలుకుతారు?

ఇంట్లో అయితే నా తిప్పలు నేను పడుతున్నాను. మాత్ర వేసుకొనే ముందు "సైదాబీ!" అని నన్ను నేనే గట్టిగా పిలుచుకొంటాను. "వస్తన్నా" అని నేనే అంటాను. అట్లా అన్నానంటే వేసుకొన్నట్టు గుర్తు. గోడ అవతల వాళ్ళు ఏమనుకొంటున్నారో తెలియదు.

11. చేరే సంగతి అడగటానికి ఫోను చేస్తే, తోడు మనిషి పేరు చెప్పనిదే చేర్చుకోము అని తమ ఆఫీసులో అన్నారు. "ఎవరో ఒకరి పేరు చెప్పు అవ్వా, ఊరికే వ్రాసుకోవటానికి," అన్నారు. అయ్యా, ఊరికే వ్రాసుకొన్న పేరు వల్లనే నేను చావబోయినాను. ఈసారి ఊరికే చెప్పను. రియాజ్ పేరు చెప్పవచ్చును, అతను కాదనడు. కాని ఆ వేళకు అతను ఏ వినుకొండలోనో ఏ మాచర్లలోనో ఆటో తోలుతుంటాడు. పిలిస్తే పలకలేని పేరు జాన్ సాహెబ్ అయితేనేమి, రియాజ్ అయితేనేమి?

కావున తమరిని వేడుకొనునది ఏమనగా, నన్ను ఒంటరిగానే చేర్చుకొనవలెను. నా కార్డు మీద తాలూకు అన్న చోట ఎవరూ లేరు అని పెద్ద అక్షరాలతో వ్రాయించవలెను. నాకు సిగ్గు లేదు. అటువంటి కార్డు ఉన్న మంచానికి మాత్ర నడిచి రావలెను. మా చేతిలో పెట్టి, మేము మింగినదాకా నిలబడి, ఆ తరువాత టిక్కు కొట్టవలెను. ముందు టిక్కు, తరువాత పిలుపు అనే పద్ధతి మార్పించవలెను. దానికి లీలావతి సిస్టరుకు ఇంకొక మనిషిని సాయం ఇవ్వవలెను. ఆమె ఒక్కతే ఎంతకని తిరుగుతుంది, దగ్గు మనిషి.

ఇది నా ఒక్కదాని కోసమే కాదు. ఆ వార్డులో చివరి వరుసలో కూడా ఒకామె, సాయంత్రం పేర్లు పిలిచే వేళకు దుప్పటి ముఖం మీదికి లాక్కొని పడుకొనేది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు తెలిసినది.

పై సంగతులన్నియు నిజమని మనవి. ఒంటరిదాని మొర ఓపికగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నూర్బాషా సైదాబీ.

మరిచాను: మాత్ర మంచం దగ్గరికే వస్తే ఇక పేర్లు పిలవరు. ఆయన పేరు కూడా ఇక నాకు వినపడదు. అది కూడా ఆలోచించుకొన్నాను. పరవాలేదు.

ఇంకొకటి. ఇది అర్జీలోకి రాదు, అందుకే సంతకం క్రింద వ్రాస్తున్నాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా విజిటింగు టైములో అందరి మంచాల దగ్గరా మనుషులు వచ్చి కూర్చుంటారు. బత్తాయిలు ఒలుస్తారు, పోట్లాడుకొంటారు. ఆ రెండు గంటలూ నేను నిద్రపోయినట్టు కళ్ళు మూసుకొని పడుకొంటాను, చూసేవాళ్ళకు ఇబ్బందిగా ఉండకూడదని. తమరు ఎట్లాగూ రోజూ పొద్దున రౌండ్లకు వచ్చే మనిషి. ఒక్కసారి సాయంత్రం రాగలరా? తెల్లకోటు లేకుండా. వెనుక అంతమంది లేకుండా. ఏమీ తేవద్దు, స్టూలు మీద కాసేపు కూర్చుంటే చాలు, తమరి మోకాలికి కూడా విశ్రాంతిగా ఉంటుంది. మాత్ర వచ్చినదాకా ఉండి వెళ్ళవచ్చును.

ఏ మంచం ఇస్తారో ఇంకా తెలియదు. అంతోని గేటు దగ్గర అందరినీ ఎవరి తాలూకు అని అడుగుతాడు. తమరిని అడగడు, సలాము కొట్టి గేటు తీస్తాడు. అయినా సైదాబీ తాలూకు అని చెప్పి లోపలికి రండి.

13-11-2025, గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు.